ముందు లోతు ఎంతో అడగండి

(చెన్నై మైలాపూరులో తెలుగువారి సాయంకాల సభలో ఒక విశ్రాంత డ్రిల్లింగ్ ఇంజనీరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

సభకు నమస్కారం. పెద్దలకు, ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలకు, ఇంత ఎండలో ఓపిక చేసుకుని వచ్చిన అమ్మలకు, అందరికీ నమస్కారం.

నిర్వాహకులు నన్ను మాట్లాడమన్న విషయం మంచునేలల్లో ఉన్న సహజవాయువు, మీథేన్ హైడ్రేట్లు. ఈ పేరు మీరు వార్తల్లో రెండు రకాలుగా విని ఉంటారు. మన కృష్ణా గోదావరి తీరానికి ఎదురుగా సముద్రం అడుగున తరతరాలకు సరిపడే గ్యాస్ గడ్డకట్టి ఉంది, అది తీస్తే దేశం దశ తిరుగుతుంది అనేది ఒక వార్త. ఆర్కిటిక్‌లో నేల కరుగుతోంది, దాని కింద మీథేన్ బాంబు ఉంది, అది పేలితే ఇక అంతే అనేది ఇంకో వార్త. రెండూ ఒకే పదార్థం గురించి. ఒకటి ఆశ పెడుతుంది, రెండోది నిద్ర పట్టనివ్వదు. నా ఉద్యోగమంతా బావులు తవ్వే పనిలోనే గడిచింది. మొదట కోనసీమలో, తర్వాత సముద్రం మీద. ఇలాంటి వార్త ఏది కనబడ్డా, అది ఎంత లోతులో ఉందో ముందు అడగండి. లోతు తెలిస్తే సగం సంగతి తేలిపోతుంది.

ముందు ఆ పదార్థం ఏమిటో చూద్దాం. నీళ్లు, సహజవాయువులో ముఖ్యభాగమైన మీథేన్. అంతే, ఇంకేమీ లేదు. చలి ఉండి, తగినంత ఒత్తిడి ఉంటే నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని బోనులా కట్టుకుంటాయి. ఆ బోనులో ఒక మీథేన్ అణువు చిక్కుకుంటుంది. అలాంటి బోనులు కోట్లాదిగా పేరుకుంటే చూడడానికి మంచుగడ్డలాగే ఉంటుంది. కానీ ఒక ఘనపు మీటరు హైడ్రేట్‌ని పైకి తెచ్చి విడగొడితే, మామూలు ఒత్తిడి దగ్గర దాదాపు 164 ఘనపు మీటర్ల మీథేన్ వస్తుంది, దాంతోపాటు 0.8 ఘనపు మీటరు మంచినీళ్లు మిగులుతాయి. అగ్గిపుల్ల గీసి దగ్గర పెడితే అంటుకుంటుంది. పైన మంట, కింద నీళ్లు కారుతూ ఉంటాయి. ఆ ఫొటో మీరు చూసే ఉంటారు. చెవి దగ్గర పెట్టుకుంటే చిటపటమని సన్నగా చప్పుడు వినిపిస్తుంది. బోనులు విరిగి గ్యాస్ బయటపడుతున్న చప్పుడు అది.

ఈ రకం పదార్థాన్ని మొదట గుర్తించింది హంఫ్రీ డేవీ, 1810 ప్రాంతంలో. ఆయన చూసింది క్లోరిన్ హైడ్రేట్. మీథేన్ హైడ్రేట్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది ఫ్రాన్స్‌కు చెందిన విలార్డ్, 1888లో. ఆ తర్వాత చాలాకాలం దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1934లో హామర్‌ష్మిట్ అనే అమెరికన్ ఒక సంగతి బయటపెట్టాడు. చలికాలంలో గ్యాస్ పైప్‌లైన్లు మూసుకుపోతుంటే అందరూ నీళ్లు గడ్డకట్టాయనుకునేవారు. నీళ్లు గడ్డకట్టేంత చలి లేని రోజుల్లోనూ మూసుకుపోతున్నాయి, కాబట్టి లోపల ఉన్నది మామూలు మంచు కాదు, హైడ్రేట్ అని ఆయన చూపించాడు. అప్పటినుంచి మా రంగంలో హైడ్రేట్ అంటే శత్రువే. లైన్లో మిథనాల్ పంపడం, గ్లైకాల్ పంపడం ఇవన్నీ అది గడ్డకట్టకుండా ఆపడానికే. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో బావి బద్దలై నూనె చిమ్ముతుంటే, దాని మీద బోర్లించడానికి పెద్ద ఉక్కు గోపురం దింపారు. గంటల్లోనే లోపలంతా హైడ్రేట్ పట్టేసి అది పనికిరాకుండా పోయింది. మే నెల, వేడి దేశపు సముద్రం. అయినా అడుగున చల్లగా ఉంది, మీద ఒకటిన్నర కిలోమీటర్ల నీటి బరువు ఉంది. హైడ్రేట్‌కి అదే చాలు.

ఇక్కడే లోతు లెక్క మొదలవుతుంది. సున్నా డిగ్రీల దగ్గర మీథేన్ హైడ్రేట్ నిలబడాలంటే సుమారు 26 అట్మాస్ఫియర్ల ఒత్తిడి కావాలి. అంటే దాదాపు 260 మీటర్ల లోతు నీళ్ల బరువు. పది డిగ్రీలయితే దానికి రెట్టింపుకన్నా ఎక్కువ కావాలి. కిందికి పోయేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, అది హైడ్రేట్‌కి మంచిదే. కానీ భూమిలో కిందికి పోయేకొద్దీ వేడి కూడా పెరుగుతుంది, అది దానికి పనికిరాదు. ఈ రెండూ సరిపోయే పొర ఒకటి మధ్యలో ఉంటుంది. చెన్నై నేల కింద అలాంటి పొర ఎక్కడా ఉండదు. ఒత్తిడి సరిపోయే లోతుకి వెళ్లేసరికి వేడి ఎక్కువైపోతుంది. లోతైన సముద్రంలో ఉంటుంది, ఎందుకంటే అడుగు నీళ్లు చల్లన. సైబీరియాలో, అలాస్కాలో, కెనడా ఉత్తరాన సముద్రం లేకపోయినా నేల కింద ఉంటుంది, ఎందుకంటే అక్కడ నేలే గడ్డకట్టి ఉంది.

ఆ గడ్డకట్టిన నేలనే పర్మాఫ్రాస్ట్ అంటారు. వరసగా రెండేళ్లు, అంతకు మించి సున్నా డిగ్రీల కిందే ఉన్న నేల ఏదైనా పర్మాఫ్రాస్టే. మంచు కనబడాలనేం లేదు, ఉత్త రాయి అయినా సరే. ఎంత మందం ఉంటుందో వింటే నమ్మబుద్ధి కాదు. 1963లో సైబీరియాలోని యాకూతియాలో మార్ఖా నది దగ్గర తవ్విన బావిలో సుమారు 1,450 మీటర్ల లోతు దాకా నేల సున్నా కిందే ఉంది. అదంతా మంచుయుగాల నుంచి మిగిలిన చలి.

అప్పట్లో సోవియట్ యూనియన్‌లో యూరీ మకోగాన్ అనే శాస్త్రవేత్త ఉండేవారు. అంత చల్లని, అంత మందమైన నేల కింద గ్యాస్ ఉంటే అది హైడ్రేట్ రూపంలోనే ఉండాలి కదా అని ఆయన వాదన. పైపులను మూసేసే చెత్త పదార్థం ప్రకృతిలో పొరలుపొరలుగా ఎలా ఉంటుందని చాలామంది కొట్టిపారేశారు. 1969 నాటికి సోవియట్ ప్రభుత్వం దాన్ని శాస్త్రీయ ఆవిష్కరణగా నమోదు చేసింది. ఇంచుమించు అదే సమయంలో పశ్చిమ సైబీరియాలో మెస్సోయాఖా అనే క్షేత్రం నుంచి నొరిల్స్క్ నగరానికి గ్యాస్ పంపడం మొదలైంది.

మెస్సోయాఖా మీద ఇప్పటికీ వాదనలున్నాయి. మామూలు గ్యాస్ క్షేత్రంలో గ్యాస్ తీసేకొద్దీ లోపలి ఒత్తిడి ఒక లెక్క ప్రకారం తగ్గాలి. అక్కడ అలా తగ్గలేదు. తీయడం తగ్గించిన కాలంలో ఒత్తిడి తిరిగి పుంజుకుంది కూడా. పై భాగంలో ఉన్న హైడ్రేట్ కరిగి కింది గ్యాస్‌లో కలుస్తోందని మకోగాన్ వర్గం. బావుల్లోకి మిథనాల్ పంపితే ఉత్పత్తి పెరగడం కూడా వాళ్లకి బలమిచ్చింది. కాదు, దానికి వేరే కారణాలుండొచ్చని ఇంకో వర్గం. నా మటుకు నాకు మొదటివాళ్ల మాటే సబబనిపిస్తుంది. అయితే ఆ గ్యాస్‌లో హైడ్రేట్ వాటా ఎంత అన్న దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

ఇప్పుడు నా వృత్తిలోకి వస్తాను. పర్మాఫ్రాస్ట్‌లో బావి తవ్వడం అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే బయట ఎవరూ ఇది చెప్పరు.

మనం కోనసీమలో బావి తవ్వేటప్పుడు కింద వేడి గురించి భయపడతాం. అక్కడ పైన వేడి గురించి భయపడాలి. డ్రిల్లింగ్ మడ్, అంటే తవ్వేటప్పుడు బావిలో తిప్పే బురదద్రవం, కిందికి పోయి తిరిగొచ్చేసరికి వెచ్చబడుతుంది. ఆ వెచ్చదనం చాలు, బావి చుట్టూ గడ్డకట్టిన ఇసుక కరిగి జారిపోవడానికి. కాబట్టి మడ్‌ని చల్లబరిచి పంపాలి. బావి గోడ కూలకుండా కేసింగ్ అనే ఉక్కు గొట్టం దింపాక సిమెంట్ పోస్తాం. మామూలు సిమెంట్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుందని ఇల్లు కట్టించిన ప్రతివాళ్లకీ తెలుసు. ఆ వేడి పర్మాఫ్రాస్ట్‌ని కరిగిస్తుంది. పోనీ వేడి పుట్టకపోతే సిమెంట్ సెట్ అవ్వకముందే అందులో నీళ్లు గడ్డకడతాయి. అందుకని జిప్సం కలిపిన ప్రత్యేకమైన సిమెంట్ వాడతారు. ఇంత చేసి బావి పూర్తయ్యాక, ఏళ్ల తరబడి కింది నుంచి వేడి గ్యాస్, వేడి నూనె ఆ పైపులోంచి పైకి వస్తూనే ఉంటాయి. చుట్టూ నేల కొంచెం కొంచెంగా కరుగుతుంది, కుంగుతుంది. కుంగే నేల కేసింగ్‌ని తనతోపాటు కిందికి లాగుతుంది. 2017 ఏప్రిల్‌లో అలాస్కాలోని ప్రూడో బే దగ్గర ఒక పాత బావిలో సరిగ్గా ఇదే జరిగింది. లోపల కేసింగ్ దెబ్బతిని, బావి పైభాగం లేచి, గ్యాస్, కొంత నూనె బయటికి చిమ్మాయి.

పైప్‌లైన్ల సంగతీ అంతే. అలాస్కా నూనె పైప్‌లైన్‌ని 1977లో ప్రారంభించినప్పుడు దాదాపు సగం దూరం నేల మీద పెట్టకుండా స్తంభాల మీద ఎత్తి నిలబెట్టారు. ఆ స్తంభాల్లో వేడిని బయటికి లాగే గొట్టాలు బిగించారు, చలికాలంలో అవి నేలను ఇంకా గట్టిగా గడ్డకట్టిస్తాయి. అటు రష్యాలో యమాల్ ద్వీపకల్పంలో బొవనెంకోవో నుంచి 2012లో గ్యాస్ మొదలైంది. సబెట్టా రేవు నుంచి 2017 డిసెంబరులో ఎల్‌ఎన్‌జీ, అంటే ద్రవరూపంలోని సహజవాయువు, నింపుకున్న నౌకలు బయల్దేరాయి. మీథేన్‌ని మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమవుతుంది, పరిమాణం సుమారు ఆరు వందల వంతుకు తగ్గుతుంది. బయట గాలే అంత చల్లగా ఉంటే ఆ పనికి కరెంటు తక్కువ పడుతుంది. 2018లో మన ప్రభుత్వ గ్యాస్ సంస్థ గెయిల్ ఒప్పందం కింద యమాల్ నుంచి వచ్చిన గ్యాస్ గుజరాత్‌లో దహేజ్‌కు చేరింది. మన ఎన్నూరులోనూ 2019 నుంచి ఎల్‌ఎన్‌జీ టెర్మినల్ ఉంది. ఇక్కడ రోడ్ల మీద తిరిగే సీఎన్‌జీ ఆటోల్లో ఉన్నదీ, ఆ మంచునేల కింద ఉన్నదీ ఒకటే మీథేన్.

అయితే ఇవన్నీ మామూలు గ్యాస్ క్షేత్రాలు. హైడ్రేట్ నుంచి గ్యాస్ తీయడం అనేది వేరే కథ. ఆ కథ నడిచిన చోటు మల్లిక్.

కెనడా వాయవ్య మూలలో మెకంజీ నది ఆర్కిటిక్ సముద్రంలో కలిసే డెల్టా ఉంది. డెల్టా అంటే మనకి గోదావరి గుర్తొస్తుంది. అదీ అలాంటి పాయల మయమే, కాకపోతే ఏడాదిలో ఎక్కువ నెలలు గడ్డకట్టి ఉంటుంది. రిగ్గు సామాను మోయడానికి నది మీద మంచురోడ్డు వేసుకోవాలి, అది కరిగేలోపు పని ముగించుకుని బయటపడాలి. అక్కడ 1970ల మొదట్లో నూనె కోసం తవ్వితే హైడ్రేట్ జాడలు దొరికాయి. 1998లో జపాన్, కెనడా కలిసి పరిశోధన బావి తవ్వాయి. 2002లో అమెరికా, జర్మనీలతో పాటు మన దేశం కూడా చేరింది. మన తరఫున గెయిల్, ఓఎన్‌జీసీ భాగస్వాములు. ఇది మన పత్రికల్లో పెద్దగా రాలేదు, కానీ గర్వపడాల్సిన సంగతి.

మల్లిక్‌లో నన్ను ఆశ్చర్యపరిచే విషయం ఒకటుంది. అక్కడ పర్మాఫ్రాస్ట్ మందం 600 మీటర్ల పైచిలుకు. హైడ్రేట్ పొరలు మాత్రం సుమారు 900 నుంచి 1,100 మీటర్ల లోతులో ఉన్నాయి. అంటే గడ్డకట్టిన నేలలో కాదు, దానికి దిగువన, సున్నాకు పైన ఉష్ణోగ్రత ఉన్న ఇసుకలో. అందరూ మంచులో మంచులా కలిసిపోయి ఉంటుందనుకుంటారు. పైన ఉన్న చలి కింది పొరలు మరీ వేడెక్కకుండా చూస్తుంది, ఒత్తిడి మిగతా పని చేస్తుంది. అందుకే లోతు అడగమంటున్నాను.

2002లో వేడినీళ్లు పంపి హైడ్రేట్‌ని కరిగించి చూశారు. ఐదు రోజులకు వచ్చిన గ్యాస్ మొత్తం 470 ఘనపు మీటర్లు. కోనసీమలో ఓ మోస్తరు బావి గంటలోనే అంతకన్నా ఎక్కువ ఇస్తుంది. కానీ ప్రపంచంలో మొదటిసారి, కావాలని హైడ్రేట్‌ని కరిగించి, గ్యాస్‌ని కొలిచి చూపించారు. వేడి పెట్టి తీయడం గిట్టుబాటు కాదని కూడా అక్కడే తేలింది. హైడ్రేట్ విడిపోవాలంటే బోలెడు వేడి మింగుతుంది. వచ్చే గ్యాస్‌లో ఒక భాగం నీళ్లు కాచడానికే పోతుంది.

తర్వాత పద్ధతి మార్చారు. గోలీసోడా కొట్టడం చూశారుగా, గోలీని నొక్కి ఒత్తిడి వదిలేస్తే చాలు, గ్యాస్ దానంతట అదే బుసబుసా పొంగుతుంది. అలాగే బావిలోంచి నీళ్లు తోడేసి, పొరలో ఒత్తిడి తగ్గించారు. 2007లో ఈ పద్ధతి మొదలుపెట్టిన కొన్ని గంటలకే బావి నిండా ఇసుక వచ్చిపడింది, పంపు ఆగిపోయింది. ఇసుక రేణువుల్ని పట్టి ఉంచిందే హైడ్రేట్, దాన్ని కరిగిస్తే ఇసుక వదులైపోతుంది. బావి పనిచేసినవాళ్లకి ఇసుక అంటే ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు. వాల్వు అరిగిపోతుంది, పంపు జామ్ అవుతుంది, చూస్తుండగానే బావి చేతికందకుండా పోతుంది. మరుసటి ఏడాది, 2008 మార్చిలో, ఇసుకను ఆపే జల్లెడలు బిగించి మళ్లీ దిగారు. ఆరు రోజులు ఆగకుండా నడిచింది. సుమారు 13,000 ఘనపు మీటర్లు వచ్చింది. వేడినీళ్లతో పోలిస్తే ఎంత తేడానో చూడండి.

ఆ తర్వాత 2012లో అలాస్కాలో ఇంకో ప్రయోగం చేశారు. కార్బన్ డయాక్సైడ్‌ని లోపలికి పంపితే అది మీథేన్‌ని తోసి బోనులో తాను కూర్చుంటుందా అని. కొంతవరకు కూర్చుంది. మళ్లీ అలాస్కాలోనే 2023లో మొదలైన పరీక్ష 2024లో నెలల తరబడి సాగింది. సముద్రంలో జపాన్ 2013లో మొదటి పరీక్ష చేసింది, ఆరు రోజులకు ఇసుకే ఆపేసింది. చైనా 2020లో దక్షిణ చైనా సముద్రంలో అడ్డబావి, అంటే పొర వెంట అడ్డంగా సాగే బావి, తవ్వి నెల రోజుల్లో 8 లక్షల ఘనపు మీటర్లకు పైగా తీసింది. చైనాకు నేల మీద కూడా హైడ్రేట్ ఉంది. చింగ్‌హాయ్ రాష్ట్రంలో, ఛీలియన్ పర్వతాల్లో, 4,000 మీటర్ల ఎత్తున 2008లో దొరికింది. అక్కడ పర్మాఫ్రాస్ట్ మందం వంద మీటర్లు కూడా లేదు. ఆర్కిటిక్ కాకుండా మన హిమాలయాలకు ఆవల ఉన్న పీఠభూమిలో అది దొరకడం నాకు చాలా ఆసక్తిగా అనిపించింది.

మెకంజీ డెల్టా గురించి ఒక మాట చెప్పకపోతే మనసొప్పదు. అక్కడ ఇనూవిక్ అనే చిన్న పట్టణం ఉంది. 1999 నుంచి దగ్గర్లోని ఇఖిల్ అనే బావి గ్యాస్‌తో ఊరంతా ఇళ్లు వెచ్చబెట్టుకునేవారు. 2012 ప్రాంతంలో ఆ బావి వట్టిపోయింది. చుట్టూ నేల కింద అంత గ్యాస్ ఉంది, హైడ్రేట్ ఉంది. అయినా వేల కిలోమీటర్ల దూరం నుంచి లారీల్లో ఎల్‌ఎన్‌జీ తెప్పించుకోవాల్సి వచ్చింది. దక్షిణానికి గ్యాస్ మోసుకెళ్లే మెకంజీ పైప్‌లైన్ గురించి 1970ల నుంచీ చర్చే. ఆదివాసీల భూములు, జీవనం దృష్ట్యా పదేళ్లు ఆపమని 1977లో జస్టిస్ బర్జర్ విచారణ సంఘం చెప్పింది. చివరికి 2017 డిసెంబరులో ఆ ప్రాజెక్టునే రద్దు చేసుకున్నారు. కింద గ్యాస్ ఉన్నంత మాత్రాన పైన ఉన్నవాళ్లకి అందదు. కోనసీమలో బావుల పక్కనే కట్టెపొయ్యి ఊదుకున్న ఇళ్లు నేను చూశాను. అందుకే ఇనూవిక్ సంగతి చదివినప్పుడు కష్టమనిపించింది.

(సభలోంచి ఒక విద్యార్థి: సార్, యమాల్‌లో నేల పేలి పెద్ద గొయ్యి పడిందని వీడియోలు చూశాం. అది హైడ్రేట్ పేలడమే కదా? అంటే బాంబు నిజమేగా?)

మంచి ప్రశ్న బాబూ. 2014 వేసవిలో బొవనెంకోవోకి ముప్ఫై కిలోమీటర్ల దూరంలో హెలికాప్టర్లోంచి ఆ గొయ్యి చూశారు. అడ్డంగా ఇరవై, ముప్ఫై మీటర్లు, లోతు యాభై పైనే. అడుగున గాలిలో మీథేన్ 9.6 శాతం దాకా ఉందని కొలిచారు. మామూలు గాలిలో మీథేన్ పది లక్షల వంతుల్లో రెండు వంతులు కూడా ఉండదు. తర్వాత అలాంటివి ఇంకొన్ని దొరికాయి. అంతకుముందు అక్కడ నేల గుట్టలా ఉబ్బి ఉంది, లోపల గ్యాస్ ఒత్తిడి పెరిగి పైపొరను ఎగరగొట్టింది. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు.

ఆ గ్యాస్ ఎక్కణ్ణుంచి వచ్చిందన్న దగ్గర అభిప్రాయ భేదాలున్నాయి. ఇప్పుడు నువ్వు లోతు అడుగు. యాభై మీటర్లు. ఇందాక చెప్పాను, హైడ్రేట్ నిలబడాలంటే 260 మీటర్ల నీటి బరువంత ఒత్తిడి కావాలని. యాభై మీటర్ల దగ్గర అది ఉండకూడదు. కానీ ఒక చిత్రం ఉంది. సున్నా కింద కొన్ని డిగ్రీల చలిలో హైడ్రేట్ విడిపోవడం మొదలైతే, వచ్చిన నీళ్లు దాని మీదే సన్నటి మంచుపొరగా గడ్డకట్టి లోపలిదాన్ని కాపాడతాయి. అలా ఎప్పుడో మంచుయుగంలో పైన బరువు ఉన్నప్పుడు ఏర్పడిన హైడ్రేట్, ఇప్పుడు ఉండకూడని లోతులో మిగిలిపోయి ఉండొచ్చు. బొవనెంకోవోలో బావులు తవ్వేటప్పుడు వంద మీటర్ల లోపే గ్యాస్ తన్నుకురావడం డ్రిల్లర్లకి తెలుసు. ఆ పాత హైడ్రేట్లే దానికి కారణం కావచ్చని రష్యన్ పరిశోధకులు చాలాకాలంగా చెప్తున్నారు. కాబట్టి లోతు తక్కువున్న ఆ కొద్దిపాటి హైడ్రేట్ విషయంలో భయపడాల్సిందే. ముఖ్యంగా అక్కడ పైప్‌లైన్లు వేసేవాళ్లు, రెయిన్‌డీర్ మందలు తోలుకునే నేనెట్స్ ప్రజలు.

కానీ ప్రపంచం మొత్తాన్ని ముంచేసే బాంబు అంటే నేను ఒప్పుకోను. ప్రపంచంలో ఉన్న హైడ్రేట్‌లో నూటికి 99 వంతులు సముద్రం కింద ఉందని అంచనా. పర్మాఫ్రాస్ట్‌తో ముడిపడింది ఒక్క వంతు. అందులోనూ చాలాభాగం రెండు వందల మీటర్ల కిందే. పైన గాలి వేడెక్కితే ఆ వేడి రాయిలోంచి అంత లోతుకు పాకడానికి వందల ఏళ్లు పడుతుంది. దారిలో ఉన్న మంచు కరగడానికి మింగే వేడి కూడా కలుపుకుంటే ఇంకా ఎక్కువ. హైడ్రేట్ నుంచి వచ్చిన మీథేన్ ఇప్పుడు వాతావరణంలో చేరుతోందనడానికి గట్టి ఆధారం లేదని 2017లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో అమెరికా శాస్త్రవేత్తలు తేల్చారు. తూర్పు సైబీరియా తీరంలో, సముద్రం ముంచేసిన పర్మాఫ్రాస్ట్ నుంచి బుడగలు రావడం నిజం. దాని ఆధారంగా పెద్ద ప్రమాదం దగ్గర్లోనే ఉందన్న పరిశోధకులూ ఉన్నారు. ఆ బుడగలు హైడ్రేట్‌వే అని మాత్రం రుజువు కాలేదు.

అలాగని గుండె మీద చెయ్యేసుకుని నిద్రపొమ్మనడం లేదు. నన్ను నిజంగా కలవరపెట్టేది పై మూడు మీటర్ల నేల. పర్మాఫ్రాస్ట్‌లో గడ్డి, వేళ్లు, ఆకులు, జంతువుల శేషాలు కుళ్లకుండా వేల ఏళ్లుగా పడి ఉన్నాయి. పై నేల, దాని కిందిది కలిపి పర్మాఫ్రాస్ట్ మొత్తంలో ఉన్న ఈ కార్బన్ సుమారు ఒకటిన్నర లక్షల కోట్ల టన్నులు. ఇప్పుడు గాలిలో ఉన్న కార్బన్‌కి దాదాపు రెట్టింపు. దానికి ఒత్తిడితో పని లేదు, బోనులు లేవు. కరిగితే చాలు, సూక్ష్మజీవులు తినడం మొదలుపెడతాయి. నీళ్లు నిలిచిన చోట మీథేన్, ఆరిన చోట కార్బన్ డయాక్సైడ్. ఆర్కిటిక్ 1979 నుంచి మిగతా భూమికన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. మీథేన్ పన్నెండేళ్ల పాటే గాలిలో ఉంటుంది, కానీ ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్‌కన్నా ఎనభై రెట్లకు పైగా వేడి పట్టి ఉంచుతుంది. ఈ కరుగుదల ఒక్కసారి పేలదు. ఏటా కొంచెం కొంచెంగా జరుగుతుంది, అందుకే హెడ్‌లైన్లలోకి రాదు. బాంబు వార్త చదివి భయపడ్డవాళ్లకి ఇది చేరడం లేదు. నాకు బాధ కలిగించేది అదే.

నేల కరిగితే ఏమవుతుందో చూడండి. 2020 మేలో నొరిల్స్క్‌లో డీజిల్ ట్యాంకు ఒకటి కూలి 20,000 టన్నులకు పైగా డీజిల్ నదుల్లో కలిసింది. ట్యాంకును మోసే స్తంభాల కింద నేల కుంగిందన్నారు. మెస్సోయాఖా గ్యాస్‌తో బతికిన ఊరే అది.

(ముందు వరసలోని ఒక పెద్దావిడ: బాబూ, మాది పాశర్లపూడి పక్కనే. ఆ మంట అరవై ఐదు రోజులు చూసినవాళ్లం. ఇప్పుడు సముద్రంలో ఈ హైడ్రేట్ తీస్తామంటున్నారు. మళ్లీ అలాంటిది జరగదంటావా?)

అమ్మా, పాశర్లపూడిలో గ్యాస్ బావి బద్దలై అంటుకున్న 1995 జనవరి 8 నేనూ మర్చిపోలేదు. మీ భయానికి అర్థం ఉంది. ముందు మన సముద్రంలో ఏముందో చెప్తాను.

2006లో జాయిడిస్ రిజల్యూషన్ అనే పరిశోధక నౌక ముంబైలో బయల్దేరి, మన చెన్నై రేవుకు వచ్చి, ఇక్కణ్ణుంచి బంగాళాఖాతంలో పనిచేసింది. కేరళ తీరం, మహానది, అండమాన్, కృష్ణా గోదావరి, అన్నీ తవ్వి చూశారు. నేల నుంచి గొట్టంతో తీసే కోర్ డెక్కు మీదికి రాగానే ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో దాని పొడవునా చూస్తారు. హైడ్రేట్ విడిపోతూ చుట్టూ ఉన్న వేడిని లాగేస్తుంది కాబట్టి, ఆ చోటు మిగతా బురదకన్నా చల్లగా, తెర మీద వేరే రంగులో కనబడుతుంది. వెంటనే అక్కడ కోసి, తెల్లటి ముక్కను ద్రవ నైట్రోజన్‌లో వేస్తారు. నిమిషాలు ఆలస్యమైతే మిగిలేది తడి బురదే. అలా కేజీ బేసిన్‌లో, అంటే మన కృష్ణా గోదావరి తీరపు సముద్రంలో, వెయ్యి మీటర్ల నీటి కింద ఒకచోట 128 మీటర్ల మందం హైడ్రేట్ ఉన్న పొర బయటపడింది. అంత మందమైనవి ప్రపంచంలో చాలా అరుదు. అయితే అది బంకమన్ను పగుళ్లలో ఉంది, తీయడం కష్టం. 2015లో చిక్యూ అనే జపాన్ నౌకతో మళ్లీ వెళ్లి, ఇంకా లోతైన నీటిలో, ఇసుక పొరల్లో హైడ్రేట్ ఉన్న చోట్లు పట్టుకున్నారు. ఇసుక అంటే మల్లిక్‌లో ఉన్న రకం. మల్లిక్‌లో నేర్చిన పాఠం ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. దేశంలో మొత్తం 1,894 లక్షల కోట్ల ఘనపు మీటర్లు ఉందని పత్రికల్లో ఒక సంఖ్య తిరుగుతూ ఉంటుంది. అది పాత అంచనా, తీయగలిగే గ్యాస్ లెక్క కాదు. ఆ సంఖ్య చూసి ఎవరూ షేర్లు కొనకండి.

ఇక మీ ప్రశ్న. పాశర్లపూడిలో ఉన్నది కింద అధిక ఒత్తిడిలో బందీ అయిన స్వేచ్ఛా గ్యాస్, అంటే హైడ్రేట్‌గా గడ్డకట్టని గ్యాస్. దారి దొరకగానే తన బలంతో తానే వచ్చింది. హైడ్రేట్ అలా రాదు. దాన్ని మనం నీళ్లు తోడి, ఒత్తిడి తగ్గించి లాగాలి. లాగేకొద్దీ అది చుట్టూ ఉన్న వేడిని మింగి తనను తానే చల్లబరుచుకుంటుంది, వేగం తగ్గుతుంది. పంపు ఆపితే ఆగిపోతుంది. కాబట్టి బావి అదుపు తప్పి గ్యాస్ ఎగజిమ్మే ఆ రకం బ్లోఅవుట్ హైడ్రేట్ నుంచి రాదు. కానీ చాలాచోట్ల హైడ్రేట్ పొర అడుగున స్వేచ్ఛా గ్యాస్ ఉంటుంది. బావి పొరపాటున అందులోకి దిగితే ప్రమాదమే. ఇసుక వదులై సముద్రపు అడుగు కుంగడం, వాలు నేల జారడం కూడా చూసుకోవాల్సినవి. ప్రమాదం లేదని నేను మీకు చెప్పను. పాశర్లపూడిలో ఇళ్లు వదిలి పరుగెత్తినవాళ్లకి అలా చెప్పే హక్కు ఎవరికీ లేదు.

నేను అడిగేది ఒకటి ఉంది. ఉత్పత్తి పరీక్ష మొదలుపెట్టకముందే, కనీసం రెండు మూడేళ్ల పాటు, అక్కడ సముద్రపు అడుగున మీథేన్ ఎంత ఊరుతోంది, నేల ఎంత కదులుతోంది అని కొలిచి పెట్టాలి. తర్వాత తేడా వస్తే ఇది మునుపటి నుంచీ ఉన్నదే అని ఎవరూ తప్పించుకోకూడదు. ఆ పని చేయగలిగినవాళ్లు ఇక్కడే, మన పళ్లికరణైలో ఉన్నారు. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ దగ్గర ఆరు వేల మీటర్ల లోతుకు దిగేలా తయారుచేసిన రోసబ్ అనే వాహనం ఉంది, లోతు నీటిలో హైడ్రేట్ కోసం కోర్ తీసే యంత్రమూ ఉంది. ఆ కొలతలు దిల్లీలో ఫైళ్లలో ఉంటే సరిపోదు. అంతర్వేదిలో, ఓడలరేవులో, భైరవపాలెంలో వల వేసుకునేవాళ్లకి తెలుగులో, ఎప్పటికప్పుడు చేరాలి. ఇక్కడ కూర్చున్న పిల్లల్లో ఎవరైనా జియాలజీ, ఓషన్ ఇంజనీరింగ్ వైపు వెళ్తే, దయచేసి ఈ కొలతల పనిలోకి రండి. డ్రిల్లింగ్‌కి ఎప్పుడూ జనం దొరుకుతారు, దీనికి దొరకరు.

హాలు ఎనిమిదింటికి ఖాళీ చేయాలంటున్నారు. ఇంకా ప్రశ్నలుంటే బయట మాట్లాడుకుందాం. నమస్కారం.